చెల్లని గింజల చప్పుడు

తుమ్మలబోడు అని ఒక అడవి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు వాగు. ఆ అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్లు, ముంగిసలు, కొండముచ్చులు, ముళ్లపందులు ఉండేవి. వాటికి ఒక సింహం రాజు. రాజు ముసలివాడైపోయాడు. ఎక్కువగా నిద్రపోయేవాడు.

ఇప్పచెట్ల కింద వారానికోసారి సంత జరిగేది. సంతలో ఏదైనా కొనాలంటే బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. అందుకని ఎప్పటివాళ్లో పెద్దలు మూడు రకాల గింజలు నిర్ణయించారు. అన్నిటికంటే పెద్దది గచ్చకాయ. దాని తరువాత చింతపిక్క. అన్నిటికంటే చిన్నది గురివింద గింజ. పది గురివిందలు ఒక చింతపిక్క. పది చింతపిక్కలు ఒక గచ్చకాయ.

పాకే పిల్లకు కూడా ఈ లెక్క తెలుసు. గురివిందను కొరికితే విషమనీ, నోట పెట్టకూడదనీ కూడా తెలుసు.

ఆ అడవిలో ముళ్లమ్మ అనే ముళ్లపంది ఉండేది. నడి వయసు. పోయిన వేసవిలో కార్చిచ్చు వచ్చింది. ముళ్లమ్మ భర్త పిల్లను బొరియలోంచి బయటికి తోశాడు. తను రాలేకపోయాడు. అడిగినవాళ్లకు ముళ్లమ్మ ఇంతే చెప్పేది. ఇంతకు మించి ఎవరూ అడగలేదు.

పిల్ల పేరు జొన్ని. దాని ముళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. మంటలు చూసినప్పటినుంచి ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేది. తల్లి కూడా ఉలిక్కిపడేది. పిల్లకు తెలియనిచ్చేది కాదు.

ముళ్లపంది తోక ఎప్పుడైనా చూశారా? చివరన కొన్ని ముళ్లు బోలుగా ఉంటాయి, చిన్న చిన్న గొట్టాల్లాగా. తుమ్మలబోడు ముళ్లపందులకు అవే సంచులు. సంపాదించిన గురివిందలు వాటిలో వేసుకుని, పడిపోకుండా గొట్టం మూతికి కాస్త తుమ్మబంక అంటించుకునేవి. నడిస్తే గలగలమనేవి.

ముళ్లమ్మ కూలికి గడ్డలు తవ్వేది. పొద్దున పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేది. అంతసేపూ జొన్ని బొరియలో ఒక్కతే ముడుచుకుని ఉండేది. దూరంగా గలగల వినిపించగానే ముళ్లు దించి, మూతి బయటికి పెట్టేది. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేది. జొన్నికి ఆ చప్పుడే అమ్మ.

సంతరోజున జొన్ని కోసం ముళ్లమ్మ దొన్నెడు తేనె కొనేది. మూడు గురివిందలు. అది ఒక్కటే ఆ ఇంట్లో తీపి.

ఒక సంతరోజున ఎప్పటిలాగే వెళ్లింది.

తేనె వ్యాపారి ఎలుగయ్య. ఒళ్లు పెద్దది, కొట్టు పెద్దది, మాట ఇంకా పెద్దది. ముళ్లమ్మ మూడు గురివిందలు ఆకు మీద పెట్టింది.

"దొన్నెడు తేనె ఇవ్వన్నా."

ఎలుగయ్య గింజల్ని చూశాడు. ముట్టుకోలేదు.

"ఇవి పుచ్చుకోవడం మానేశాం చెల్లెమ్మా."

"ఎందుకని? రాజుగారు రద్దు చేశారా?"

"రాజుగారితో పనేముంది? నా పంజా చూడు. ఇంత పంజాతో అంత గింజను ఏరుకుంటూ కూర్చుంటే, ఈలోగా తేనె అంతా ఈగలపాలు. అయినా ఈ రోజుల్లో ఒక గురివిందకు ఏమొస్తుంది? గాలి కూడా రాదు!"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ముళ్లమ్మ నవ్వలేదు, కోపగించుకోలేదు. ఆ మాటలో కొంత నిజముందని ఆమెకూ తెలుసు. ఒక్క గురివిందకు నిజంగానే ఏమీ రాదు. మూడుంటే తేనె వస్తుంది. ఆ మాట అందామనుకునేలోపు వెనకవాళ్లు తోస్తున్నారు.

ఒక చింతపిక్క తీసి ఇచ్చింది. ఎలుగయ్య దొన్నెడు తేనె పోసి, పక్కనున్న బుట్టలోంచి ఏడు ఉసిరికాయలు తీసి ఆమె ముందు దొర్లించాడు.

"చిల్లర లేదు. ఇవి ఉంచుకో. ఒంటికి మంచివి."

మరుసటి సంతకు ముళ్లమ్మ ఆ ఉసిరికాయలే తీసుకెళ్లి ఆకు మీద పెట్టింది.

"ఏంటివి?" అన్నాడు ఎలుగయ్య.

"నువ్వు చిల్లర బదులు ఇచ్చినవే అన్నా. వీటికి తేనె పొయ్యి."

ఎలుగయ్య పొట్ట ఊగేలా నవ్వాడు. "ఇవ్వడం వేరు చెల్లెమ్మా, పుచ్చుకోవడం వేరు. ఆ మాత్రం వ్యాపారం తెలియకపోతే ఎలా?"

ముళ్లమ్మ ఉసిరికాయలు ఎత్తుకుని ఇంటికి వచ్చింది. ఆ వారం జొన్నికి తేనె లేదు.

ఒకడు మొదలుపెడితే చాలు కదా. "ఎలుగయ్య పుచ్చుకోనిది నేనెందుకు పుచ్చుకోవాలి?" అంది పండ్లమ్మే కొండముచ్చు. "కొండముచ్చే పుచ్చుకోకపోతే నేనేం చేసుకోను?" అంది దుంపలమ్మే అడవిపంది. సంత మొత్తం అదే పాట.

కొందరు వెళ్లి రాజును నిద్రలేపారు. "గురివింద చెల్లుతుందా, చెల్లదా మహారాజా?"

"ఎందుకు చెల్లదు? నేను కాదనలేదే!" అని రాజు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కాకి ఆ మాటను అడవంతా చాటింది. రాజుగారి మాటకు అందరూ తల వంచారు. గింజను మాత్రం ఎవరూ పుచ్చుకోలేదు.

చిన్న గింజ పోయాక చిన్న ధరలూ పోయాయి. మూడు గురివిందల సరుకు చింతపిక్క అయింది. ఏడు గురివిందల సరుకూ చింతపిక్కే అయింది. కూలి మాత్రం పెరగలేదు. "రెండు రోజులు తవ్వి ఒక చింతపిక్క పట్టుకెళ్లు" అనేవాళ్లు. ఒక్కరోజు తవ్వితే ఉసిరికాయలు. ముళ్లమ్మ బొరియలో ఒక మూల ఉసిరికాయలు గుట్టపడ్డాయి. జొన్ని వాటిని చూస్తేనే మొహం పుల్లగా పెట్టేది.

గురివిందలు ఉన్నవాళ్లు వాటిని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేశారు. పిల్లలు కొన్నాళ్లు ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. మిగిలినవి వాగులో పోశారు.

చివరికి ముంగిస తాత కూడా పోశాడు.

ముంగిస తాత ఆ అడవికి వైద్యుడు. ఆయన దగ్గర ఒక చిన్న త్రాసు ఉండేది. వెదురుపుల్ల ఒకటి, దానికి రెండు వైపులా కుంకుడుకాయ చిప్పలు. మందుకు వచ్చినవాళ్లు ఒక గురివింద తెచ్చేవాళ్లు. తాత దాన్ని ఒక చిప్పలో వేసి, రెండో చిప్పలో మందుపొడి వేసి సరితూచేవాడు. తూచాక ఆ గింజ తాత తీసుకునేవాడు. తూకమూ అదే, వెలా అదే. తాతల కాలం నుంచీ అంతే.

ఇప్పుడు ఆయన గింజలకు సంతలో ఎవరూ తిండి ఇవ్వలేదు. వరుసగా రెండు సంతలు ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ముసలి ప్రాణం, ఆకలి, కోపం. గింజల బుట్ట ఎత్తుకెళ్లి వాగులో బోర్లించాడు. "పోండి!" అన్నాడు. అవి పోయాయి.

ఒక్క ముళ్లమ్మ దగ్గరే మిగిలాయి.

"ఇంకా మోస్తున్నావా వదినా, ఆ చెల్లని గింజల్ని?" అంది పక్క పొదలో ఉండే కుందేలు. "నువ్వు గలగలమంటూ వస్తుంటే పిల్లకోతులు నీ నడక నడిచి చూపిస్తున్నాయి తెలుసా?"

"చూపించనీ."

"పారేయరాదూ?"

"ఒకసారి పారేసి చూశాను వదినా" అంది ముళ్లమ్మ.

నిజంగానే చూసింది. ఒకరోజు దారిలో ఆగి, బంక ఒలిచి, గింజలన్నీ ఒక ఆకులో పోసింది. ఆకును పొద కింద వదిలేసి ఇంటికి నడిచింది. తోక చప్పుడు చేయలేదు. బొరియ దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది. జొన్ని గోడకు అతుక్కుని, ఉన్న మెత్తటి ముళ్లన్నీ నిక్కించి వణుకుతోంది.

"ఎవరు? ఎవరది?" అంటోంది.

"నేనే జొన్నీ. అమ్మను."

"ఎవరు?" అంది మళ్లీ. తల్లి మొహం చూస్తూనే అంది.

ముళ్లమ్మ వెనక్కి తిరిగి, ఆకు దగ్గరికి వెళ్లి, గింజలన్నీ మళ్లీ తోకలో వేసుకుని, బంక అంటించుకుని వచ్చింది. ఆ తరువాత ఇంకెప్పుడూ తీయలేదు. దాచుకోవాలని కాదు. వాటికి విలువ వస్తుందనీ కాదు. అవి ఒకప్పుడు నాణేలన్న సంగతే ఆమె మరిచిపోయింది.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. అడవి పిల్లలకు చలిజ్వరం పట్టుకుంది. ముందు కొండముచ్చు పిల్లలకు, తరువాత కుందేలు పిల్లలకు, ఆ తరువాత జొన్నికి.

రెండు రోజులు ముళ్లమ్మ కషాయాలు పోసింది. మూడో రోజు పొద్దున జొన్ని కళ్లు తెరవలేదు. పిలిస్తే ఊ అంది. ఒళ్లు కాలిపోతోంది.

కార్చిచ్చు పొగ చూసినప్పుడు కాళ్లు ఎలా ఆడలేదో, ముళ్లమ్మకు అలాగే అయింది. తరువాత ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చింతపిక్క తీసుకుంది.

"వదినా, కాస్త చూస్తూ ఉండు" అని కుందేలుకు చెప్పి, వానలో ముంగిస తాత పుట్ట దగ్గరికి పరుగెత్తింది.

అప్పటికే అక్కడ తల్లులు వరుసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఎలుగయ్య. అతని వీపు మీద పిల్ల ఎలుగు, పేరు బొద్దు. తల వేలాడేసి ఉంది.

"ఏంటి తాతా నీ గొడవ?" అంటున్నాడు ఎలుగయ్య. "మందుంది కదా? ఇవ్వడానికేం?"

"మందుందయ్యా. తూకం లేదు." అన్నాడు తాత. "చేదువేరు పొడి గురివింద ఎత్తే వేయాలి. తగ్గితే జ్వరం దిగదు. ఎక్కువైతే కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. నా కళ్లలో పొర వచ్చింది. కంటి అంచనాతో వేయలేను."

"ఇంకో గింజ ఏదైనా వేసి తూచరాదా తాతా?" అంది వరుసలో ఒక తల్లి.

"ఏం గింజ వేయనమ్మా? ఒక జొన్నగింజ నిండుగా ఉంటుంది, ఒకటి తాలు. తడిస్తే ఒక బరువు, ఎండితే ఒక బరువు. గురివింద ఒక్కటే వానకూ ఎండకూ ఒక్కలాగే ఉంటుంది. తీగల మీద చూద్దామంటే ఇది కాయలకాలం కాదు. నావన్నీ వాగులో పోశాను. నా చేతులతో నేనే."

అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోసినవాళ్లే.

ముళ్లమ్మ చింతపిక్కను గట్టిగా పట్టుకుంది. ఇంత దూరం వచ్చాక మందు ఉండీ లేదంటున్నారు. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారింది.

గలగల.

ముంగిస తాత తలెత్తాడు. "ఏంటా చప్పుడు?"

"ఏముంది, ముళ్లమ్మ వచ్చింది. చెల్లని గింజలు" అంది కొండముచ్చు, అలవాటు కొద్దీ. అన్నాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా ముళ్లమ్మా, అవి గురివిందలేనా?"

ముళ్లమ్మ తన తోక వైపు తిరిగి చూసుకుంది. కొత్తగా చూసినట్టు చూసుకుంది.

"అవును తాతా" అంది.

"ఇటు రా తల్లీ! ఒక్కటి చాలు. ఎలుగయ్యా, నీ పిల్లను దించు. మొదటి తూకం వాడికే."

ఎలుగయ్యకు రోషం వచ్చింది. ఆ గింజల్ని సంతలో అందరి ముందూ కాదన్నది తనే. ఇప్పుడు అందరి ముందూ తన కొడుక్కి ఆ గింజే తూకమా?

"నా పిల్లాడికి చెల్లని గింజతో తూస్తావా? పెద్దింటి పిల్లకు పెద్ద తూకమే ఉండాలి. తప్పుకో!"

త్రాసు లాక్కుని ఒక చిప్పలో చింతపిక్క పడేశాడు. రెండో చిప్పలో పొడి కుమ్మరించాడు. చిప్ప నిండి పొర్లింది. దాన్ని ఆకులో చుట్టుకున్నాడు. తాత ముందు గచ్చకాయ ఒకటి విసిరాడు.

"చిల్లర నువ్వే ఉంచుకో!"

"అన్నా, ఆగన్నా!" అంది ముళ్లమ్మ. "పిల్లాడన్నా. నా మాట విను."

"ఎలుగయ్యా! అంత వేయకు! బిగుసుకుపోతాడు!" అని తాత అరిచాడు.

ఎలుగయ్య వినలేదు. పిల్లను వీపున వేసుకుని వానలో కలిసిపోయాడు.

తాత త్రాసు సరిచేసుకున్నాడు. ముళ్లమ్మ కాస్త బంక ఒలిచి తోక విదిలించింది. ఒక గింజ రాలింది. ఎర్రగా, నెత్తిన నల్లటి చుక్కతో. తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని తడిమి చూశాడు. తరువాత చిప్పలో వేశాడు. పొడి కొంచెం వేసి, కొంచెం తీసి, మళ్లీ చిటికెడు వేసి, పుల్ల రెండు వైపులా సమంగా నిలిచే దాకా చూశాడు.

"తీసుకెళ్లమ్మా. తేనెలో వెయ్యి."

"తేనె లేదు తాతా."

"నీళ్లలో వెయ్యి."

ముళ్లమ్మ చింతపిక్క అందించింది. తాత తీసుకోలేదు. "నా వెల నాకు ముట్టింది. ఈ గింజ నాకు వదిలెయ్యి. వీళ్లంతా నిలబడి ఉన్నారు."

ఆ ఒక్క గింజతో వరుసలో ఉన్న తల్లులందరికీ మందు తూగింది.

జొన్ని మందు మింగింది. చేదుకు మొహం ముడుచుకుంది. ముళ్లమ్మ దాని పక్కనే కూర్చుని తోక కదిలిస్తూ ఉంది. గల. గల. అలసిపోయినప్పుడు ఆగేది. జొన్ని మూలిగితే మళ్లీ కదిలించేది. ఎప్పుడో పిల్ల ఒంటికి చెమట పట్టింది. కళ్లు తెరిచింది.

"అమ్మా, ఆకలి" అంది.

ముళ్లమ్మ గడ్డ తరిగి పెట్టింది. పెడుతూ మొహం పక్కకు తిప్పుకుంది. పిల్లకు తెలియనిచ్చింది కాదు.

మరునాడు బొరియ ముందు వెలుగు తగ్గింది. ఎలుగయ్య నిలబడి ఉన్నాడు. అతని తల బొరియలో పట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, నేలకు మూతి ఆనించి లోపలికి చూశాడు.

"చెల్లెమ్మా."

ముళ్లమ్మ చూసింది.

"బొద్దు లేవడం లేదు. కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. నోట మాట లేదు. తాత విరుగుడు ఇచ్చాడు. అది పూటపూటకీ ఇంటి దగ్గర గురివింద ఎత్తు తూచి పోయాలట. త్రాసు కట్టుకున్నాను, గింజే లేదు. తాత దగ్గరున్న ఒక్క గింజ అక్కడికి వచ్చే పిల్లల మందు తూచడానికే కావాలి." పంజా చాచాడు. అందులో గచ్చకాయలున్నాయి. "ఇవన్నీ తీసుకో. ఒక్క గింజ ఇవ్వు."

ఒక మాట ముళ్లమ్మ నోటిదాకా వచ్చింది. అందరూ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. తేనె లేని వారం గుర్తొచ్చింది. అనాలనుకుంది. అతని కళ్లు చూసింది. ఆ చూపు ఆమెకు తెలుసు. కార్చిచ్చు ఆరిన రోజు నీటి గుంటలో తన మొహం చూసుకుంది. ఆ రోజు తన కళ్లూ ఇలాగే ఉన్నాయి.

మాట మింగేసింది. కాస్త బంక ఒలిచి, తోక విదిలించి ఒక గింజ రాల్చింది.

"గచ్చకాయలు తీసుకెళ్లన్నా. తూచడం అయ్యాక గింజ తెచ్చివ్వు. పిల్లకు చప్పుడు తగ్గుతుంది."

ఎలుగయ్య ఆ గింజను ఏరుకోవడానికి తంటాలు పడ్డాడు. అంత పంజాకు అంత గింజ చిక్కడం లేదు. రెండుసార్లు జారిపోయింది. చివరికి జొన్ని వచ్చి, దాన్ని తీసి అతని అరచేతిలో పెట్టింది.

బొద్దు బతికాడు. మాట వచ్చింది. మూడు కాళ్లు ఆడాయి. వెనక కాలు ఒకటి మాత్రం బిగుసుకునే ఉండిపోయింది. తాత ఎన్ని తైలాలు రాసినా అది వంగలేదు. తేనె కోసం చెట్లెక్కే ఇంట్లో పుట్టి, ఆ పిల్లాడు చెట్టు కింద కూర్చుని పైకి చూసేవాడు.

వాగు తగ్గాక ఎలుగయ్య కొట్టు తెరవలేదు. రోజూ వాగు ఒడ్డుకు వెళ్లి ఇసుక తవ్వేవాడు. పిడికెడు ఇసుక, దానిలో వెతుకులాట. పిల్లకోతులు ఈసారి అతని వెతుకులాట చేసి చూపించాయి. అతను తలెత్తలేదు. ఒక రోజు ఒకటి దొరికేది. మరోరోజు ఏదీ దొరికేది కాదు. దొరికినదాన్ని కడిగి తాతకు ఇచ్చేవాడు. కొండముచ్చు ఒకరోజు వచ్చి పక్కన కూర్చుంది. మరునాడు అడవిపంది వచ్చింది. అందరూ ఇసుక జల్లించారు.

మళ్లీ సంత కూడింది. ఎలుగయ్య కొట్టు తెరిచాడు. ముళ్లమ్మ వచ్చింది.

ఎలుగయ్య ముందుగా ఆకులో చుట్టిన గురివిందను ఆమె ముందు పెట్టాడు. దాని పక్కన పెద్ద గచ్చకాయ పెట్టాడు.

"కాదనకు చెల్లెమ్మా. నా పిల్లాడి ప్రాణం ఖరీదు."

ముళ్లమ్మ తన గింజ తీసుకుంది. గచ్చకాయను చూసింది.

"గింజ అద్దెకు గచ్చకాయ ఎక్కువన్నా. నా దగ్గర చిల్లర లేదు" అంది. "ఉసిరికాయలున్నాయి. ఇవ్వనా?"

కుందేలు ఫక్కున నవ్వింది. ఆ వెంటనే సంతంతా నవ్వింది. ఎలుగయ్య తల వంచుకున్నాడు. వంచుకున్న తల కిందే మెల్లగా నవ్వాడు.

"నాకు తగిన శాస్తే" అన్నాడు. "మరి ఏమివ్వమంటావు?"

"ఎప్పటిదే. దొన్నెడు తేనె."

మూడు గురివిందలు ఆకు మీద పెట్టింది. ఎలుగయ్య కొట్టులోంచి ఒక పుల్ల తీశాడు. దాని కొనకు తుమ్మబంక ఉంది. ఆ పుల్లతో ఒక్కో గింజనూ అంటించి, ఎత్తి, తన బుట్టలో వేసుకున్నాడు. ఆలస్యమైంది. ఈగలు వాలాయి. వెనకవాళ్లు ఎవరూ తోయలేదు. ఎలుగయ్య పుచ్చుకున్నాక కొండముచ్చు పుచ్చుకుంది. కొండముచ్చు పుచ్చుకున్నాక అడవిపంది పుచ్చుకుంది. తీగల మీద కొత్త గింజలు కూడా రాగానే, ముళ్లమ్మకు మళ్లీ ఏ రోజు కూలి ఆ రోజే గింజల్లో రాసాగింది.

ముళ్లమ్మ దొన్నె పట్టుకుని ఇంటికి నడిచింది. జొన్ని మూతి బయటికి పెట్టి చూస్తోంది.

"అమ్మా, చప్పుడు తగ్గింది" అంది.

"తగ్గిందా?"

"కొంచెం తగ్గింది."

"మూడు గింజలు తేనె అయ్యాయి" అని దొన్నె దాని ముందు పెట్టింది.

జొన్ని నాకింది. ఇంకోసారి నాకింది. మూతంతా తేనె.

"సరేలే" అంది. "ఇప్పటికీ నువ్వని తెలుస్తోంది."

ముళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. చాలా రోజుల తరువాత ఆ రోజు ముందుగా ఆమే నిద్రపోయింది.

నీతి: చిన్నదానికి ఏమీ రాదని పారేయకండి, పెద్ద ఆపద వచ్చినప్పుడు తూకం నిలబెట్టేది ఆ చిన్నదే.